తాళం వేసిన ఇల్లు, లేని మనిషి

పోయిన వారం ఆమదాలవలసలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర మా లెక్కల మాస్టారు కనిపించారు. ఆయన రిటైరై పదేళ్లు దాటింది. వంశధార ఒడ్డున ఉన్న ఊళ్ల పేర్ల వెనక కథలు పోగుచేసి, ఒక్కొక్కటీ రాసి నాకు ఈమెయిల్‌లో పంపుతుంటారు. నేను అచ్చుతప్పులు చూసి తిరిగి పంపుతాను. రెండేళ్లుగా నెలకు మూడు నాలుగు ఉత్తరాలైనా నడుస్తున్నాయి. ఆ రోజు మాత్రం నన్ను చూసి కొంచెం తలూపి, వెనక వరసలోకి వెళ్లి కూర్చున్నారు. నేనే లేచి పక్కన చేరాను.

"ఏం మాస్టారూ, ఈ మధ్య ఏమీ పంపలేదు?"

ఆయన విస్తరి వైపు చూస్తూ, "నువ్వు బ్లాక్ చేసీసినాక ఇంకేటి పంపుతాను బాబూ" అన్నారు.

ఫోను తీసి చూపించారు. ఆయన పంపిన ఉత్తరం తిరిగొచ్చింది. ఇంగ్లిషులో నాలుగైదు లైన్లు, మధ్యలో 554 అనే అంకె, నా డొమైన్ పేరు (చిరునామాలో @ తర్వాత వచ్చేది), ఆ పక్కన 'బ్లాక్డ్' అనే మాట. ఆ ఒక్క మాటే ఆయనకు అర్థమైంది. తేదీ చూశాను. పద్దెనిమిది రోజుల కిందటి ఆదివారం. పద్దెనిమిది రోజులుగా ఆయన నేను కావాలనే తలుపు మూసేశాననుకుంటున్నారు. ఎందుకని ఫోన్ చేసి అడగలేదంటే, "వద్దన్న మనిషిని ఎందుకని ఎలా అడుగుతాం?" అన్నారు.

అన్నం సహించలేదు. ఆ ఆదివారం ఏం జరిగిందో నాకు తెలుసు. సోమవారమే సరిచేశాను, అంతటితో అయిపోయిందనుకున్నాను. అప్పటి నుంచి ఆలోచిస్తున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

శుక్రవారం రాత్రి నుంచి సోమవారం దాకా

నా మెయిల్ సర్వర్ చిన్నది. అద్దెకు తీసుకున్న ఒక వర్చువల్ సర్వర్ మీద ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకునే పోస్ట్‌ఫిక్స్, వాటిని పెట్టెల్లో దాచే డవ్‌కాట్ అనే ప్రోగ్రాములు నడుస్తాయి. దాని మీద తొమ్మిది మందిమి ఉన్నాం. మా ఇంట్లో వాళ్లు, కాశీబుగ్గలో మా బావ జీడిపప్పు యూనిట్ వాళ్లు. సొంతంగా ఎందుకు నడపాలి అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: మా ఉత్తరాలు మా దగ్గర ఉండాలని. దానికి తగిన బాధ్యత కూడా మాదే అవుతుంది కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

ఆ శుక్రవారం రాత్రి ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కి మార్చాను. రీబూట్ అయ్యాక పరీక్షించాను. నా ఫోనులోంచి బావ చిరునామాకు ఒక ఉత్తరం, బయట నాకున్న మరో ఖాతాకు ఒక ఉత్తరం పంపాను. రెండూ చేరాయి. బయటి ఉత్తరాలు లోపలికి వచ్చే ద్వారం, 25వ పోర్టు, తెరిచే ఉందని మానిటర్ పచ్చగా చూపిస్తోంది. పడుకున్నాను.

శని, ఆదివారాలు ఏ ఉత్తరమూ రాలేదు. సెలవులు కదా అనుకున్నాను. సోమవారం పదిన్నరకు బావ ఫోన్ చేశాడు. "ఒరే, రాజమండ్రి పార్టీ మూడుసార్లు ఆర్డర్ పంపినాడట, తిరిగొచ్చేస్తందట. డబ్ల్యూ 240 రకం పప్పు, యాభై టిన్నులు. ఫోన్లో చెప్పినాడు గాని, కాగితం లేకుండా నేను లోడ్ ఎలా ఎక్కించను?"

లాగ్ (సర్వర్ తన పనులు రాసుకునే చిట్టా) తెరిచాను. శుక్రవారం రాత్రి నుంచి బయటి నుంచి వచ్చిన ప్రతి ఉత్తరమూ గుమ్మంలోనే వెనక్కి పోయింది. ఒక్కటీ మినహాయింపు లేదు. దేశంలో సగం మంది వాడే పెద్ద మెయిల్ సేవల సర్వర్ల మీద కూడా 'ఇది బ్లాక్‌లిస్టులో ఉంది' అనే రాసి ఉంది. అన్ని సర్వర్లూ ఒకే రాత్రి చెడ్డవైపోవు. చెడింది నా వైపే.

బ్లాక్‌లిస్టు అంటే చెత్త ఉత్తరాలు పంపే సర్వర్ల ఐపీల (నెట్‌లో వాటి అంకెల చిరునామాల) జాబితా. ఇలాంటివి డీఎన్ఎస్ ద్వారా, అంటే నెట్‌లో పేర్లకు చిరునామాలు చెప్పే వ్యవస్థ ద్వారా, పనిచేస్తాయి. ఉత్తరం తెచ్చిన సర్వర్ ఐపీని తిరగేసి, లిస్టు పేరు తగిలించి అడుగుతాం. చెడ్డదైతే 127.0.0.2 లాంటి జవాబు వస్తుంది. కాకపోతే అలాంటి పేరే లేదని వస్తుంది. నేను వాడే లిస్టుకు ఒక షరతు ఉంది. ప్రశ్న మన సొంత రిజాల్వర్ (డీఎన్ఎస్‌ను మన తరఫున అడిగే ప్రోగ్రాం) నుంచి వెళ్లాలి. అందరూ వాడే పబ్లిక్ రిజాల్వర్ ద్వారా అడిగితే 127.255.255.254 అని జవాబిస్తారు. అంటే 'నువ్వు అడిగిన దారి సరికాదు, దీనికి సమాధానం చెప్పం' అని. అది ఎవరి మీదా చెడ్డ మాట కాదు. కానీ ఏ జవాబును లెక్కలోకి తీసుకోవాలో మనం విడిగా రాయకపోతే, పోస్ట్‌ఫిక్స్ దృష్టిలో జవాబుగా ఏ చిరునామా వచ్చినా 'లిస్టులో ఉంది' అనే అర్థం. అప్‌గ్రేడ్‌లో నా అన్‌బౌండ్ రిజాల్వర్ పక్కకు పోయి, దాని చోట ఒక పబ్లిక్ రిజాల్వర్ వచ్చి కూర్చుంది. నేను చూసుకోలేదు.

మరి నా పరీక్ష ఎందుకు నెగ్గింది? నా ఫోను పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి పంపుతుంది. లాగిన్ అయినవాళ్లను బ్లాక్‌లిస్టు చూడకముందే లోపలికి వదలమని నేనే రాశాను. ఇంటివాళ్లు పెరటి తలుపు నుంచి వచ్చిపోతూ వీధి తలుపు బాగానే ఉందనుకున్నట్టు అయింది.

సరిచేయడానికి ఆరు నిమిషాలు పట్టింది. అన్‌బౌండ్ మళ్లీ లేపాను, 127.0.0. తో మొదలయ్యే జవాబులనే నమ్మమని రాశాను. బావ ఆర్డర్ మళ్లీ తెప్పించుకున్నాడు. ఆ సాయంత్రం లాగ్ మూసేశాను. మూయకుండా ఉండాల్సింది.

నాన్న సంచిలోని ఉత్తరాలు

మా నాన్న టెక్కలి దగ్గర ఒక బ్రాంచి పోస్టాఫీసులో ఉత్తరాలు పంచేవారు. అప్పట్లో ఈ.డి. (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్) ఉద్యోగం అనేవారు, తర్వాత గ్రామీణ డాక్ సేవక్ అయింది. సైకిలు మీద నాలుగు ఊళ్లు తిరిగేవారు. మా పక్క ఊళ్లలో తాళం వేసిన ఇల్లు ఎప్పుడూ ఉంటుంది. కోతలైపోతే హైదరాబాదుకో చెన్నైకో పనికి పోతారు. సముద్రం ఒడ్డు మగవాళ్లు గుజరాత్‌లో వేరావల్‌కి వేటకు పోతే నెలల తరబడి రారు.

అలాంటి ఇంటికి ఉత్తరం వస్తే నాన్న రాయగలిగిన మాటలు రెండు. 'ఇంటికి తాళం' అని రాస్తే ఉత్తరం పోస్టాఫీసులో కొన్నాళ్లు ఆగుతుంది, ఆయన మళ్లీ వెళ్లి చూస్తారు. 'ఈ పేరు గలవారు లేరు' అని రాస్తే ఆ ఉత్తరం వెనక్కి పోతుంది, ఇక రాదు. ఈ రెండో మాట రాయాలంటే నాన్న మూడిళ్లలో అడిగేవారు, కిరాణా కొట్టులో అడిగేవారు, మర్నాడు మళ్లీ వెళ్లేవారు.

ఒకసారి ఆయన జ్వరంతో మంచం పడితే బదులుగా ఒకాయన తిరిగాడు. ఒక ఇంటికి తాళం ఉంటే పక్కింట్లో అడిగాడు. ఆ రెండిళ్లకూ గట్టు తగాదా ఉంది. "ఆళ్లు ఈడ లేరు, ఎల్లిపోనారు" అన్నారు పక్కింటివాళ్లు. ఆయన అదే రాసేశాడు. వెనక్కి పోయింది ఆ ఇంటి కుర్రాడి ఇంటర్వ్యూ కార్డు. అందులో నాన్న తప్పు లేదు. అయినా చాలా ఏళ్లు ఆ ఇంటి ముందు సైకిలు దిగి నడిచేవారు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు.

ఈమెయిల్ సర్వర్లకూ సరిగ్గా ఈ రెండు మాటలే ఉన్నాయి. 1982లో వచ్చిన ఎస్‌ఎంటీపీ (సర్వర్లు ఉత్తరాలు అందించుకునే పద్ధతి) నుంచీ ఇదే వరస. 4తో మొదలయ్యే జవాబు 'ఇప్పుడు కాదు, మళ్లీ రా' అని. 5తో మొదలయ్యే జవాబు 'ఇక రావద్దు' అని. 4 విన్న సర్వర్ ఉత్తరాన్ని తన క్యూలో పెట్టుకుని మళ్లీ మళ్లీ వస్తుంది. 5 విన్న సర్వర్ అప్పటికప్పుడు బౌన్స్ (చేరలేదని చెప్పే తిరుగు ఉత్తరం) రాసి పంపినవాళ్ల చేతిలో పెడుతుంది.

ఆ బౌన్స్ ఉత్తరం రాసేది మన సర్వర్ కాదు. మనది గుమ్మంలో ఒక్క అంకె చెప్పి ఊరుకుంటుంది. దాన్ని ఉత్తరంగా మార్చేది పంపినవాళ్ల సర్వర్. అందుకే మనం వెనక్కి పంపామన్న సంగతి ప్రపంచంలో మనకు తప్ప అందరికీ తెలుస్తుంది. మాస్టారికి తెలిసింది, రాజమండ్రి పార్టీకి తెలిసింది. నా ఇన్‌బాక్స్‌లో మాత్రం ప్రశాంతంగా ఉంది.

తిత్లీ అప్పుడు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పట్లో నా సర్వర్ కాశీబుగ్గలో బావ ఆఫీసు గదిలో, స్టీలు బీరువా పక్కన ఉండేది. యూపీఎస్ గంటన్నర నిలబెట్టింది. తర్వాత కరెంటు లేదు, నెట్ లేదు, ఫోను లేదు. షెడ్డు రేకులు లేచిపోయాయి. ఉద్దానం తోటల్లో కొబ్బరిచెట్లూ జీడిచెట్లూ వేళ్లతో సహా పడి ఉన్నాయి. ఇరవై ఏళ్లు పెంచిన చెట్టు పక్కన నేల మీద కూర్చున్న రైతుల్ని చూశాను. తాగే నీళ్ల కోసం తిరిగే రోజుల్లో మెయిల్ సంగతి ఎవరికి కావాలి?

నాలుగో రోజు సాయంత్రానికి ఒక డీజిల్ జనరేటర్ అద్దెకు దొరికింది. ఐదో రోజు, అంటే 15వ తేదీ పొద్దున, నెట్ లైను అతికింది. సర్వర్ ఆన్ చేశాను. పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఒకటి వచ్చింది. ఆ తర్వాత వరసగా వస్తూనే ఉన్నాయి. బెంగళూరులో ఉన్న ఒక కొనుగోలుదారు 11వ తేదీ మధ్యాహ్నం "మీరంతా క్షేమమేనా" అని రాసిన ఉత్తరం నాలుగు రోజులు ఎక్కడో ఓపిగ్గా కూర్చుని, ఆ రోజు బావ ముందు తెరుచుకుంది. బావ దాన్ని రెండుసార్లు చదివాడు.

ఇది అదృష్టం కాదు, నియమం. అవతలి సర్వర్ పలకకపోతే ఉత్తరాన్ని కనీసం నాలుగైదు రోజులు దగ్గర పెట్టుకుని ప్రయత్నించాలని 1989 నాటి ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ నియమాల పత్రం) 1123లోనే ఉంది. 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321 కూడా అదే చెబుతుంది. పోస్ట్‌ఫిక్స్‌లో ఎవరూ ఏమీ మార్చకపోతే ఆ గడువు 5 రోజులు, రెండు ప్రయత్నాల మధ్య ఎడం మహా అయితే 4000 సెకన్లు. అంటే మన సర్వర్ లేచిన గంటా ఏడు నిమిషాల లోపు అవతలి పోస్ట్‌ఫిక్స్ మళ్లీ తలుపు కొడుతుంది. అందరూ ఐదు రోజులు ఆగరు. రెండో రోజుకే విసుగెత్తి వదిలేసిన సర్వర్లూ ఉన్నాయి, ఆ ఉత్తరాలు పోయాయి. కానీ ఎక్కువ భాగం వచ్చాయి.

ఆ నాలుగు రోజులూ, మొన్నటి రెండున్నర రోజులూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు బాధ కలుగుతుంది. తుపానులో సర్వర్ పూర్తిగా చచ్చిపోయింది. అయినా ఉత్తరాలు చాలావరకు బతికాయి. మొన్న సర్వర్ నిండు ఆరోగ్యంతో ఉంది, కరెంటు ఉంది, లైను ఉంది. రెండున్నర రోజుల్లో వచ్చిన ఉత్తరాల్లో ఒక్కటీ మిగల్లేదు. తేడా అంతా 4కీ 5కీ మధ్య ఉంది.

చెప్పుడు మాట

నేను ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నది ఇది. మన సర్వర్ తనకు స్వయంగా తెలిసిన విషయం మీదే 5 చెప్పాలి. చెప్పుడు మాట మీద ఎప్పుడూ 5 చెప్పకూడదు. 4 చెప్పాలి.

'ఈ చిరునామా నా దగ్గర లేదు' అన్నది స్వయంగా తెలిసిన విషయం. మా తొమ్మిది మంది పేర్లూ నా దగ్గరే ఉన్నాయి. పదో పేరుతో వస్తే లేదనడానికి నాకు హక్కుంది. 'ఈ డొమైన్ నాది కాదు' అన్నదీ అంతే. కానీ 'నువ్వు చెడ్డవాడివి' అన్నది ఇంకెవరో చెప్పిన మాట. చెప్పినవాళ్లు నిజాయితీపరులే కావచ్చు, బ్లాక్‌లిస్టులు నడిపేవాళ్లు చేసే సేవ పెద్దది, అవి లేకపోతే మా ఇన్‌బాక్స్‌లు చెత్తతో నిండిపోతాయి. అయినా వాళ్ల మాట నా చెవికి చేరే దారిలో రిజాల్వర్ ఉంది, కేష్ (పాత జవాబుల నిల్వ) ఉంది, నేను రాసిన కాన్ఫిగరేషన్ ఉంది. దారిలో మాట మారిపోవచ్చు. గట్టు తగాదా లేని పక్కింటివాడు చెప్పినా, విన్నవాడు తప్పుగా వినవచ్చు.

ఇది నాకొక్కడికే జరిగిన విషయం కాదు. ఓఆర్‌డీబీ అనే బ్లాక్‌లిస్టు 2006 డిసెంబరులో మూతపడింది. మూతపడ్డాక కూడా ఎన్నో సర్వర్లు దాన్ని అడుగుతూనే ఉన్నాయి. చివరికి 2008 మార్చిలో, ఎవరు ఏ ఐపీ గురించి అడిగినా 'చెడ్డది' అనే జవాబు రావడం మొదలైంది. అడగడం మానని సర్వర్ల యజమానులకు ఉత్తరాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అప్పుడు వాళ్ల సర్వర్లు 4 చెప్పి ఉంటే, సర్దుకోవడానికి చాలామందికి నాలుగైదు రోజుల వ్యవధి దొరికేది. 5 చెప్పాయి కాబట్టి ఏ ఉత్తరానికి ఆ ఉత్తరం అక్కడికక్కడే తిరిగిపోయింది.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆర్‌ఎఫ్‌సీ 5782 ప్రకారం ఐపీ బ్లాక్‌లిస్టులో 127.0.0.2 ఎప్పుడూ ఉండాలి, 127.0.0.1 ఎప్పుడూ ఉండకూడదు. కాబట్టి రోజుకోసారి ఆ రెండూ అడిగి చూస్తే చాలు. ఉండకూడనిది ఉందని జవాబొస్తే ఆ లిస్టు మాట, లేదా అది మన దాకా వచ్చిన దారి, చెడిందన్నమాట. నేను ఈ పరీక్ష పెట్టుకుని ఉంటే శుక్రవారం రాత్రే తెలిసేది.

పోస్ట్‌ఫిక్స్‌లో చాలా చోట్ల ఈ వివేకం ముందే ఉంది. వాడుకరుల పేర్లున్న డేటాబేస్ పలకకపోతే అది 'ఈ పేరు లేదు' అనదు, 451 చెప్పి మళ్లీ రమ్మంటుంది. డిస్కు నిండితే 452 చెబుతుంది. బ్లాక్‌లిస్టు నుంచి అసలు జవాబే రాకపోతే ఆ ఉత్తరాన్ని ఆపదు. జవాబు వస్తే మాత్రం నమ్మి 554 అంటుంది. ఆ అంకె మార్చుకునే సెట్టింగ్ కూడా ఇచ్చారు. నేను దాన్ని 450 చేశాను.

విజయనగరం మిత్రుడు ఒప్పుకోలేదు

విజయనగరంలో ఒక కాలేజీ మెయిల్ చూసుకునే మిత్రుడున్నాడు. ఇదంతా చెబితే ఆయన ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరాల్లో పస ఉంది.

మొదటిది, 4 అన్నది పంపినవాడికి వినపడదు. చాలా సర్వర్లు ఆలస్యమవుతోందని మధ్యలో చెప్పవు, పోస్ట్‌ఫిక్స్ కూడా మనం అడిగితే తప్ప చెప్పదు. ఒక విద్యార్థి అడ్మిషన్ కాగితాలు పంపి, చేరాయనుకుని ఐదు రోజులు నిశ్చింతగా ఉంటాడు. ఆరో రోజు బౌన్స్ వస్తుంది. అప్పటికి గడువు దాటిపోతుంది. "అదే నేను వెంటనే 5 చెబితే ఆ కుర్రాడు పది నిమిషాల్లో నాకు ఫోన్ చేస్తాడు. త్వరగా చెప్పే 'కాదు' కూడా మేలే కదండీ" అన్నాడు.

రెండోది ఓటీపీ. పది నిమిషాల్లో చెల్లిపోయే అంకెను గంట తర్వాత అందుకుని ఏం చేస్తాం? కొత్తవాళ్లందరికీ మొదటిసారి 'మళ్లీ రా' చెప్పే గ్రేలిస్టింగ్‌ను ఆయన ఈ కారణంగానే తీసేశాడు. పెద్ద కంపెనీల సర్వర్లు మళ్లీ వచ్చేటప్పుడు వేరే ఐపీ నుంచి రావచ్చు, మళ్లీ కొత్తవాడిలా కనిపించవచ్చు. నేనూ ఎప్పుడో తీసేశాను.

మొదటి అభ్యంతరం నన్ను రెండు రోజులు తొలిచింది. అది నిజం. మాస్టారి ఉత్తరానికి నేను 4 చెప్పి, లాగ్ చూడకుండా ఊరుకుని ఉంటే, ఆయనకు 'బ్లాక్డ్' బదులు ఐదు రోజుల తర్వాత ఇంకేదో వచ్చేది. ఏమిటి లాభం? చెడ్డ 4 కంటే నిజమైన 5 మేలు. కాబట్టి నా మాటను కొంచెం మార్చుకుంటున్నాను. 4 చెప్పినవాడు రోజూ లాగ్ చూడాలి. చూడలేనివాడు 4 చెప్పకూడదు. మళ్లీ రమ్మని చెప్పి తలుపు దగ్గర ఉండకపోవడం వద్దనడం కంటే మర్యాద ఏమీ కాదు. ఐదు రోజుల వ్యవధి సర్వర్‌కు కాదు, దాన్ని చూసుకునే మనిషికి.

స్పామర్లు మళ్లీ మళ్లీ వచ్చి క్యూ కట్టరా అని కూడా అడిగాడు. కొందరు వస్తారు. తొమ్మిది మంది సర్వర్‌కు అది లెక్కలోది కాదు. వేల మంది ఉన్న కాలేజీకి అవుతుంది, ఆయన పరిస్థితి వేరని ఒప్పుకుంటాను.

మెయిల్‌బాక్స్ నిండినప్పుడు ఏం చెప్పాలన్న దగ్గర మేమిద్దరం తేలలేదు. డవ్‌కాట్ మామూలుగా శాశ్వత తిరస్కారమే ఇస్తుంది, తాత్కాలికంగా మార్చుకోవచ్చు. ఖాళీ చేసే మనిషి ఉన్నప్పుడు నిండిన పెట్టె తాళం వేసిన ఇల్లే అని నేను అంటాను. ఏళ్ల తరబడి తెరవని పెట్టెలు తన దగ్గర బోలెడున్నాయని ఆయన అంటాడు. సైజు విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. పరిమితి దాటిన ఫైలు రేపు వచ్చినా దాటే ఉంటుంది, వెంటనే 5 చెప్పడమే న్యాయం. కాకపోతే పోస్ట్‌ఫిక్స్ మొదట ఇచ్చే పరిమితి 1,02,40,000 బైట్లు. అటాచ్‌మెంట్ దారిలో మూడో వంతుకు పైగా ఉబ్బుతుంది. ఏడున్నర ఎంబీ స్కాన్ పంపినవాడికి 'పది దాటింది' అని వస్తే అయోమయంగా ఉంటుంది. మాస్టారి స్కాన్ల కోసం నేను ఎప్పుడో పెంచాను.

ఇద్దరం గట్టిగా ఒప్పుకున్నది ఇంకొకటుంది. అప్‌గ్రేడ్ చేసే రాత్రి పోస్ట్‌ఫిక్స్‌లో సాఫ్ట్ బౌన్స్ అనే సెట్టింగ్ ఆన్ చేసి మొదలుపెట్టాలి. అది ఉన్నంతసేపూ మన 5లన్నీ బయటికి 4లుగా వెళతాయి. మర్నాడు లాగ్ చూసి, అంతా సరిగా ఉంటే తీసేయాలి. అలాగే కొత్త నిబంధన ఏది పెట్టినా మొదటి వారం 'తిరస్కరించకు, హెచ్చరిక మాత్రం రాయి' అనే పద్ధతిలో నడపాలి. దానికీ సదుపాయం ఉంది. ఈ రెండూ నాకు ముందే తెలుసు. చిన్న అప్‌గ్రేడ్ కదా అని వదిలేశాను. పరీక్ష ఉత్తరం కూడా ఇప్పుడు బయటి ఖాతా నుంచి లోపలికి, గంటకొకటి వచ్చేలా పెట్టాను. అది రాకపోతే నా ఫోను మోగుతుంది.

లాగ్‌లో మిగిలిన పేర్లు

పెళ్లి నుంచి ఇంటికి వచ్చిన రాత్రే పాత లాగ్ తీశాను. నాలుగు వారాలు దాటితే చెరిగిపోయేది. తిరస్కరించిన ప్రతి లైనులో ఎవరి నుంచి, ఎవరికి అన్నది ఉంటుంది. సోమవారమే ఇది చేసి ఉండాల్సింది. సర్వర్‌ను సరిచేశాను గాని, వెనక్కి పంపేసిన మనుషుల గురించి ఆలోచించలేదు. ఆరు నిమిషాల్లో అయిపోయిందని నేననుకున్నది సగం పని.

స్పామ్ అని తేలిగ్గా తెలిసిపోయేవి తీసేస్తే పంతొమ్మిది చిరునామాలు మిగిలాయి. మా అక్కకు పిల్లవాడి స్కూలు నుంచి వచ్చినవి రెండు. బావకు చెన్నై, రాజమండ్రి పార్టీలవి. నాన్న పింఛను కాగితాల గురించి ఒకటి. మాస్టారివి రెండు. ఆయన ఆదివారం పొద్దున ఒకసారి పంపి, తిరిగొస్తే, అంకెలేవైనా తప్పు కొట్టానేమోనని సాయంత్రం మళ్లీ పంపారు. ఆ రెండో లైను చూసినప్పుడు చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

ఒక్కొక్కరికీ రాశాను. తప్పు నా సర్వర్‌ది, మిమ్మల్ని ఎవరూ ఆపలేదు, దయచేసి మళ్లీ పంపండి అని. ఫోను నంబర్లు తెలిసినవాళ్లకు ఫోన్ చేశాను. మాస్టారి ఇంటికి స్వయంగా వెళ్లాను. లాగ్‌ను కాగితం మీద తీసుకెళ్లి, ఆయన పేరుకు పైనా కిందా ఉన్న ఇతరుల పేర్లు చూపించాను. అందరికీ అదే అంకె, అదే మాట. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని లైన్లన్నీ లెక్కపెట్టారు. "అయితే నా ఒక్కడికే కాదన్నమాట" అన్నారు. మర్నాడు ఉదయం రెండు కథలూ వచ్చాయి.

పద్దెనిమిది మంది సంగతి తేలింది. ఒకరు మిగిలారు. ఆ చిరునామా నాకు తెలియదు, ఇంతకుముందు ఎప్పుడూ నాకు రాసినవాళ్లు కాదు. శనివారం మధ్యాహ్నం ఒక్కసారి ప్రయత్నించి, 554 విని, మళ్లీ రాలేదు. ఏం రాశారో తెలుసుకునే దారి లేదు. తిరస్కారం ఉత్తరం విప్పకముందే, చిరునామా చెప్పిన దగ్గరే జరిగిపోయింది. సబ్జెక్ట్ లైను కూడా లాగ్‌లో ఉండదు.

ఆ చిరునామాకు నేను రాసిన ఉత్తరం ఇంకా నా క్యూలోనే ఉంది. అవతలి సర్వర్ ప్రతిసారీ 451 చెబుతోంది. ఇవాళ మూడో రోజు. ఇంకా రెండు రోజుల గడువుంది.